ట్రిప్ లేని మనిషి

మూడో రోజు మధ్యాహ్నం కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లు: పోయినాయన భార్య, ఆయన కొడుకు, కవితాళ నుంచి వచ్చిన ఆమె అన్న, మక్తల్ వైపు నుంచి వచ్చిన ఆయన పెదనాన్న, థర్మల్ కరెంటు కేంద్రంలో ఆయన షిఫ్టువాళ్లు కొందరు, వాళ్లలో మా నాన్న, నాన్న వెంట నేను. ఉన్న వస్తువులు: ఒక విస్తరాకు, అందులో అన్నం, మేక కూర, ఉడికించిన గుడ్డు, మిరపకాయ బజ్జీలు. పక్కన బీడీకట్ట, అగ్గిపెట్టె, లవంగాల పొట్లం, కొన్ని సారాయి ప్యాకెట్లు, ఒక స్టీలు గ్లాసు, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. అవతలి గట్టు మీద రెండు చిమ్నీలు. ఒకదాంట్లోంచే పొగ వస్తోంది.

పిట్టకు పెట్టడం అంటారు దాన్ని. పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా నిలబడాలి. కాకి త్వరగానే వచ్చింది. మొదట గుడ్డును పొడిచింది, తర్వాత కూర ముక్క ఎత్తుకుపోయింది. గ్లాసులో పోసిన సారాయి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"కాకికేం తెల్సురా దాని రుచి," అన్నాడు పెదనాన్న. "ఆ ముచ్చట మనమే చూడాలె."

షిఫ్టువాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జంతువులకు ఆ రుచి తెలియదన్నది నిజమే. దాన్ని ఎలా తెలిసేలా చేస్తారో, తెలిశాక ఎలా మాన్పిస్తారో చదవడమే రెండేళ్లుగా నా పని. పోయిన మనిషి ఆ పనిని నాకన్నా శ్రద్ధగా చూసేవాడు. ఆయనకు అది డిగ్రీ కోసం కాదు.

ఆయన మా నాన్నకు షిఫ్టు మిత్రుడు. థర్మల్ కాలనీలో మా కింది క్వార్టరు. నేను కాకా అనేవాణ్ని, ఆయన భార్యను చిన్నమ్మా అనేవాణ్ని. టర్బైన్ ప్యానెల్ ముందు కూర్చునే ఆపరేటరు. ఎత్తు తక్కువ, చెవుల మీద వెంట్రుకలు, ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఏ మీటరు చూసినా ముందు దాని అద్దాన్ని గోరుతో రెండుసార్లు తట్టి, అప్పుడు చదివేవాడు. ముల్లు ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే ఆ దెబ్బకు కదులుతుందట. ఆ అలవాటు ప్యానెల్ దగ్గర ఆగలేదు. గోడ గడియారాన్ని తట్టేవాడు. జ్వరం చూసే థర్మామీటరును తట్టేవాడు. గ్లాసును తట్టి గాని తాగేవాడు కాదు.

ఎట్లున్నవ్ కాకా అంటే బాగున్నానని ఎన్నడూ అనలేదు. లోడ్ చెప్పేవాడు. వాళ్ల యూనిట్ నిండా నడిస్తే రెండొందల పది మెగావాట్లు. "నూటా అరవై" అంటే ఫర్వాలేదని. "నూరు" అంటే రాత్రి ఎక్కువైందని. ఒక ఉగాదికి మెట్ల మీద కూర్చుని ఉంటే అడిగాను. "లైన్ మీద లేనురా" అన్నాడు. మిషన్ ఆగిపోయి కరెంటు ఇవ్వనప్పుడు వాళ్లు అనే మాట అది.

వణికే చేతులతో ప్యానెల్ దగ్గర కూర్చోనివ్వరు గదా. ఆయన్ను టర్బైన్ నుంచి తీసి బూడిద సెక్షన్‌లో వేశారు. బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లతో కలిపి చెరువులోకి తోలే చోటు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నాన్నతో, "అందరిని ఆఖరికి తోలుతరు బూడిదకు, నన్ను జర ముందే తోలిన్రు" అన్నాడు. నాన్న నవ్వాడు. ఆయన నవ్వలేదు.

నేను చదివేది రాయచూరులో ఫార్మసీ కాలేజీ. ఒకరోజు అమ్మ ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని ఆయన బస్సులో వచ్చాడు. నేను ఎలుకల గదిలో ఉన్నాను. చెప్పులు విప్పి లోపలికి రాబోతూ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక్కో బోనుకు రెండేసి సీసాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో సారా కలిపిన నీళ్లు. లోపల తెల్ల ఎలుకలు.

"ఏందిరా డాక్టరూ, గిట్ల బెల్టు షాపు పెట్టినవ్?"

చెప్పాను. ఎలుక ముందు రెండు సీసాలూ ఉంటాయి, ఏది తాగాలో దాని ఇష్టం. ఎడమవైపుకో కుడివైపుకో అలవాటు పడకుండా రోజూ సీసాల చోట్లు మారుస్తాం. ఏ సీసాలో ఎంత తగ్గిందో రాసుకుంటాం. మామూలుగా ఎలుకలు సారాను ముట్టవు. మొదట చక్కెర కలిపి అలవాటు చేసి, తర్వాత కొంచెం కొంచెంగా చక్కెర తగ్గించాలి. వాటిలో ఎక్కువ తాగేవాటిని ఎక్కువ తాగేవాటితోనే జత కట్టిస్తూ మా సీనియర్లు ఒక వరుస తయారుచేశారు. అటు గోడ మొత్తం ఆ వరుస. వాటి పిల్లలకు చక్కెర అవసరం లేదు. సీసా పెట్టిన రోజే వెళ్లి తాగుతాయి.

ఆయన లవంగాన్ని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు.

"నాకు మా అయ్య బెల్లం ముక్క నోట్ల పెట్టి తాపిండు," అన్నాడు. "జాతరకు పోయినం. చేదున్నదని ఉమ్మేసిన. బెల్లం ఇచ్చి మళ్ల తాపిండు. ఆయనకు ఆయన అయ్య గూడ గట్లనే."

తర్వాత తాగే వరుస దగ్గరికి వెళ్లి మొదటి సీసాను గోరుతో రెండుసార్లు తట్టాడు. ఎలుక ఉలిక్కిపడింది. ఆయన సీసాలో మట్టం చూశాడు. ఆ తర్వాత వేసిన ప్రశ్న కోసమే ఆ రోజు డబ్బా తెచ్చాడని నాకు అనిపిస్తుంది. నా పని గురించి నాన్న అంతకుముందే చెప్పి ఉంటాడు.

"తాగే తల్లికాడికెల్లి పిల్లను తీసి, తాగని తల్లికాడ పెంచితే?"

"అదే చేస్తున్న కాకా ఇప్పుడు. పుట్టిన రోజే మార్చిన."

"అయితే?"

ఎవరి గురించి అడుగుతున్నాడో నాకు తెలుసు. ఆయన కొడుకు కవితాళలో మేనమామ ఇంట్లో పెరుగుతున్నాడు. ఆ మేనమామ తులసిమాల వేసుకున్న మనిషి, చుక్క ముట్టడు. కొడుకును అంత చిన్నప్పుడే ఎందుకు పంపించాడో ఒకసారి మా నాన్నతో అంటుంటే విన్నాను. పిల్లాడు వాకిట్లో ఆడుకుంటూ, తండ్రి పారేసిన ఖాళీ ప్యాకెట్‌లో నీళ్లు పోసుకుని, మూల కొరికి తాగుతూ, తూలుతూ నడుస్తున్నాడట. పక్కింటి పిల్లలు చప్పట్లు కొడుతున్నారట. మర్నాడే బస్సెక్కించాడు.

"ఎక్కువ శాతం తాగుతయి," అన్నాను. "ఎక్కడ పెంచినా."

ఆయన తలూపాడు. షిఫ్టులో ఎవరైనా బొగ్గులో తేమ ఎంత ఉందో చెబితే విని తలూపినట్టు.

"అన్నీ?"

"అన్నీ కాదు."

చివరి బోను చూపించాను. అది తాగే తల్లికి పుట్టింది, తాగే తల్లి దగ్గరే పెరిగింది. అయినా నీళ్లే తాగుతుంది. ఎందుకో మాకు తెలియదు. నాకు ఆ ఎలుక తలనొప్పి. సగటు లెక్కలో అది ఎప్పుడూ అడ్డం పడేది. ఆయన ఆ బోను ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ ఒక్క సీసాను తట్టలేదు.

ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా మొదటి మాట, "మావోడు ఎట్లున్నడు?" కొడుకు గురించి కాదు, ఎలుక గురించి. నేను రీడింగు చెప్పేవాణ్ని. నీళ్లు ఇంత, సారా సున్నా. "సున్నా" అనేమాట రెండుసార్లు చెప్పించుకునేవాడు.

ఒకరోజు అడిగాడు, పని అయిపోయాక వీటన్నిటిని ఏం చేస్తారని. మెదడు తీసి పరీక్షిస్తామన్నాను.

"మావోన్ని గూడనా?"

"దాన్ని కూడా కాకా."

"నీళ్లు తాగినా కోస్తరారా?" అన్నాడు. "అయితే ఎందుకు మానాలె నాయనా" అన్నాడు. అది పరాచికమే. కానీ చేయి గోడకు ఆనించి అన్నాడు.

నా పనిలో రెండో భాగం మందు. తాగినప్పుడు మెదడులో పుట్టే హాయిని అడ్డుకునే మందు అది. సూది వేసిన ఎలుక సారా సీసా దగ్గరికి వెళ్తుంది, రెండు గుక్కలు తాగుతుంది, తిరిగి వచ్చేస్తుంది. ఇంతకుముందు సీసాకు అంటుకుపోయి ఉండేది, ఇప్పుడు దానికి అందులో ఏమీ లేదు. ఆయన అది కళ్లతో చూశాడు. సూది వేసిన ఎలుక మూతి తుడుచుకుంటూ మూలకు వెళ్లి పడుకోవడం చూశాడు. బయటికి వచ్చాక వేపచెట్టు కింద నా చేయి పట్టుకున్నాడు.

"ఆ సూది నాకొకటి ఎయ్యి."

"అది మనుషులకు ఇచ్చేది కాదు కాకా. ఎలుకల కోసం తెప్పించిన పొడి."

"నేను మనిషినని నీకెవడు చెప్పిండు? మీ చిన్నమ్మను అడుగుదాం పా."

"కాకా..."

"దండం పెడత. ఎవరికీ చెప్పను. మీ నాన్నకు గూడ చెప్పను." ఆయన నిజంగానే చేతులు జోడించాడు. జోడించినా అవి వణుకుతూనే ఉన్నాయి. కాలేజీ పిల్లలు పక్కనుంచి వెళ్తున్నారు. "పోరడు డిప్లొమా అయిపోయి అప్రెంటిస్‌ల సెలెక్ట్ అయిండు, మన థర్మల్‌లనే. ఇంట్లకు వస్తడు. ఇన్నేండ్లు దూరం పెట్టిన. ఇంగ ఏం చెప్పి పెట్టాలె? నన్ను ఖాళీ చెయ్యమంటవా ఇల్లు?"

ఆయనకు పట్టుకున్నదేమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కొడుకు వచ్చేలోగా ఆయన మానాలి. మానకపోతే కొడుకు ఆ ఇంట్లో, ఆ వాసనలో, ఆ రక్తంతో ఉండాలి.

"సూది ఆపితే ఎలుకలు ఏం చేస్తయి?" అని తనే అడిగాడు.

"మళ్లీ తాగుతయి."

"పాతదంతనా?"

"కొన్ని ఇంకా ఎక్కువ."

"హౌదా," అన్నాడు, అవునా అని, కన్నడంలో. ఎక్కువ బాధ కలిగితే కన్నడం మాట్లాడేవాడు. "అయితే నాకు ఆపకుండ ఎయ్యి."

మనుషులకు ఇచ్చే రూపంలో ఆ మందు మాకు దగ్గర్లో దొరకలేదు. నేనూ చిన్నమ్మా కలిసి ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు డైసల్ఫిరామ్ అనే మాత్ర రాశాడు. అది కోరికను తగ్గించే మందు కాదు, కాపలా పెట్టే మందు. మాత్ర వేసుకున్నవాడు సారా తాగితే ఒంట్లో విషం లాంటిది పోగవుతుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోవడం. డాక్టరు కన్నడంలో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను, చిన్నమ్మ మళ్లీ ఆయన చెవి దగ్గర చెప్పింది: చుక్క ముట్టినా ప్రాణం మీదికి వస్తుందని. ఆయన అంతా విన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాత్రల పొట్లాన్ని గోరుతో తడుతూ ఉన్నాడు. యరమరస్ దాటాక నా మోకాలి మీద కొట్టాడు.

"అరే, ఇది ట్రిప్ గదరా!"

అంతకుముందు అంత సంతోషంగా ఆయన్ను నేను చూడలేదు. మిషన్‌కు ట్రిప్ అంటే ఏమిటో ఆ బస్సు మొత్తానికి వినిపించేలా చెప్పాడు. టర్బైన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంది. అంతకన్నా స్పీడు మీరితే రెక్కలు విరిగి పైకప్పు చీల్చుకుని పోతాయి. అందుకే లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. హద్దు దాటగానే అదే కొడుతుంది, ఆవిరి ఆగిపోతుంది, మిషన్ పడుకుంటుంది. "మనిషి చూస్కోవాల్సిన పని లేదు. ఆపరేటరు నిద్రపోయినా, తాగి పడ్డా అది కొడుతది. ట్రిప్ అయిన మిషన్ బతుకుతది. ట్రిప్ కానిదే పోతది. నాకు పుట్టుకతోనే పెట్టలే. మా అయ్యకు లేదు, మా తాతకు లేదు. వంశంలనే లేదు. ఇగో, ఇప్పుడు బయటికెల్లి పెట్టిన్రు."

"అంతే కాకా," అన్నాను.

"కానీ ఉత్తగ పెడితే అయిపోదు. టెస్టు చెయ్యాలె. రిపేరు అయినంక మిషన్‌ను లైన్ మీదికి తీసుకునే ముందు మేమే కావాలని స్పీడు పెంచుతం. ఎంతకు కొడుతదో చూస్తం. కొట్టలేదనుకో, ఇంకింత పెంచుతం. కొట్టినంకనే లైన్ మీదికి. నమ్మకం మీద ఎవడూ నడపడు." ముందు సీటులో ఉన్న ముసలమ్మ వెనక్కి తిరిగి, "సాకప్పా" అంది, ఇక చాలని, కన్నడంలో. ఆయన నవ్వి ఆమెకు లవంగం ఇచ్చాడు.

నేను ఆ మాటలు మిషన్ గురించే అని విన్నాను. ఎవరైనా అలాగే వింటారు.

మాత్ర పొద్దున్నే చిన్నమ్మ చేతిలోంచే నోట్లోకి వెళ్లేది. ఆమె నాలుక ఎత్తించి చూసేది. వారాలు గడిచాయి. ఆయన ముఖంలో ఉబ్బు తగ్గింది. చేతుల వణుకు పూర్తిగా ఆగలేదు గాని, టీ గ్లాసు ఒలకకుండా పట్టుకోగలిగాడు. ఆఖరుసారి మెట్ల దగ్గర కనిపించినప్పుడు ఎట్లున్నవ్ కాకా అన్నాను. ఛాతీని గోరుతో రెండుసార్లు తట్టుకున్నాడు.

"రెండొందల పది."

ఆ తర్వాత జరిగింది చిన్నమ్మ చెప్పగా విన్నాను. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లందరికీ ఆమె అదే వరుసలో, అవే మాటలతో చెబుతూ ఉంది.

"తెల్లారితే పోరడు వస్తడు. మంచం గూడ తెచ్చిపెట్టిండు. పొద్దుగాల నా చేతులకెల్లే మాత్ర ఏసుకున్నడు. బయటికి పోయి ప్యాకెట్లు తెచ్చిండు. దాస్కోలే, నా ముందలనే పెట్టిండు. నేను మొత్తుకున్న. 'భయపడకే, టెస్టు. ఆడు వచ్చినంక ఫెయిలైతే ఏం జేస్తవ్' అన్నడు. గ్లాసును తట్టిండు, తాగిండు, గడియారం దిక్కు చూస్కుంట కూసున్నడు. ఏం గాలే. 'కొడ్తలేదే, స్పీడు పెంచాలె' అని ఇంకోటి పోసుకున్నడు. నేను గుంజుకున్న, ఆగలే. అప్పుడు వచ్చింది. మొకం టమాట లెక్క అయింది. కక్కుతున్నడు, కక్కుకుంటనే నవ్వుతున్నడు. 'కొట్టింది చూడు, ట్రిప్ కొట్టింది, పనిచేస్తున్నదే' అంటడు. నా పెండ్లిల గూడ ఆయన మొకంల గంత సంతోషం చూడలే."

మాత్ర పని మొదలుపెట్టడానికి కొంచెం సమయం పడుతుంది. మొదటి గ్లాసుకే అది కదిలింది. కానీ బయటికి కనిపించేలోగా ఆయన రెండోది తాగాడు. రెండూ కలిసి వచ్చాయి. జీపు రాయచూరు చేరకముందే ఆయన పోయాడు. మందులో లోపం లేదు. అది చేయవలసిందే చేసింది.

కొడుకు మర్నాడు పొద్దున కవితాళ బస్సు దిగాడు. చేతిలో ట్రంకుపెట్టె, అప్రెంటిస్ కాగితం. తండ్రి తెచ్చిపెట్టిన మంచం మీద ఎవరో దుప్పట్లు పడేసి ఉన్నారు.

ఇక కృష్ణ ఒడ్డుకు వస్తాను. కాకి తినడం అయ్యాక పెదనాన్న సారాయి ప్యాకెట్ మూల కొరికి గ్లాసు నింపాడు. అందరూ తలా కొంచెం తాగాలి, మొదట కొడుకు. పోయినవాడి పేరున కొడుకు తాగకపోతే ఆయన గొంతు ఎండుతుందట.

"వానికొద్దు," అంది చిన్నమ్మ. "నీ కాల్మొక్కుత మామా, వానికొద్దు. అందుకేనా అంత దూరం పెంచింది?"

"ఒక్క గుక్కకేమైతది బిడ్డా? ఆచారం. రోజూ తాగుమంటున్ననా?"

కవితాళ మేనమామ తులసిమాల పట్టుకుని నీళ్ల వైపు తిరిగాడు. మా నాన్న, "ఒద్దులే పెద్దయ్యా, పోరడు" అని సగంలో ఆగిపోయాడు. కొడుకు తండ్రంత ఎత్తే. గ్లాసు అందుకున్నాడు. పెదనాన్న కాగితం విప్పి బెల్లం ముక్క చాచాడు.

"నోట్ల ఏసుకో. చేదుంటది."

"ఒద్దు తాతా," అన్నాడు.

తాగాడు. ముఖం చిట్లించలేదు, దగ్గలేదు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇసుకలో కూలబడింది. పెదనాన్న గ్లాసు కోసం చేయి చాచాడు. కొడుకు ఇవ్వలేదు, ముందుకు చాపాడు. పెదనాన్న ఒకసారి అందరి వైపు చూసి పోశాడు.

మా పనిలో ఒక నియమం ఉంది. కొత్త ఎలుక మొదటి రోజుల రీడింగు లెక్కలోకి రాదు. కొత్త చోటు, కొత్త వాసన, బెదురు, అందుకని ఎక్కువో తక్కువో తాగుతుంది. దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. ఆ మాట చిన్నమ్మకు చెప్పాలని ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పాను కూడా. ఆమె విన్నదో లేదో తెలియదు, కొడుకు చేతినే చూస్తోంది.

లెక్కలోకి రాకపోయినా రీడింగు రాసి ఉంచాలి, అది కూడా నియమమే. ఆ రోజు రీడింగు: మూడు గ్లాసులు.